పగడమ్మ చెప్పిన ఒకే ఒక్క జోస్యం

అనగనగా ఒక అడవిలో, రెప్పపాటు సేపైనా కుదురుగా కూర్చోవడం చేతకాని ఒక కొండముచ్చు పిల్ల ఉండేది. పేరు చిటుకు. చిటికె వేసేలోగా ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మ మీదికి దూకేసేది కాబట్టి వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. తినేటప్పుడు గెంతేది. మాట్లాడేటప్పుడు గెంతేది. నిద్రలో కూడా కాళ్ళు ఆడించేది. ఏంటి, నవ్వుతున్నారా? మీలో ఎవరి కాళ్ళు ఊగుతున్నాయో నాకు ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది!

ఒక వేసవి ఉదయం అడవి అంచున ఒక జీపు ఆగింది. ఖాకీ చొక్కాల మనుషులు దిగారు. బోలెడు పంజరాలు దించారు. ఊళ్ళలో పంజరాల్లో మగ్గుతున్న చిలకల్ని విడిపించి తెచ్చారన్నమాట. తలుపులు తీసి, "పోండమ్మా, పోండి!" అన్నారు.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా, అక్కడున్న వాళ్ళలో ఒకరు చెయ్యో రెక్కో ఎత్తి, "వీళ్ళు మా వాళ్ళు" అని గట్టిగా చెప్పాలి. అలా చెప్పినవాళ్ళే ఆ కొత్తవాళ్ళకు చోటు చూపించాలి, తిండి చూపించాలి, మొదటి వానాకాలం దాటించాలి. ఆ రోజు గోరింకలు వచ్చి రెండు కుర్ర చిలకల్ని తీసుకెళ్ళాయి. వడ్రంగిపిట్ట ఒకదాన్ని పిలుచుకుపోయింది. అడవి చిలకల గుంపు మిగిలిన పిల్లలన్నిటినీ తనలో కలిపేసుకుంది.

చిటుకు మాత్రం ఆలస్యంగా వచ్చింది. దారిలో మంచి తీగ ఒకటి వేలాడుతుంటే ఊగకుండా ఎలా వస్తుంది చెప్పండి? తీరా వచ్చేసరికి ఒక్క చిలకే మిగిలింది. ముసలిది. ముక్కు పగడంలా ఎర్రగా ఉంది గానీ, రెక్కల ఈకలు సగానికి కత్తిరించేసి ఉన్నాయి. తలుపు బార్లా తీసి ఉన్నా పంజరంలోనే ఒక మూల ముడుచుకుని కూర్చుంది.

చిటుకు స్నేహితుడు ఒక ఉడుత. గుప్పెడంత ఉంటాడు, పేరు కూడా గుప్పెడే. వాడు పరుగెత్తుకొచ్చి చెప్పాడు: "అది జోస్యం చిలకట. పేరు పగడమ్మట. ఎగరలేదట. ఎవరికీ అక్కర్లేదట."

"ఇన్ని 'ట'లు ఎందుకురా? నాకు కావాలి," అంది చిటుకు. "నాకు అమ్మ ఉంది, అత్త ఉంది, నలుగురు పిన్నులున్నారు. అవ్వ ఒక్కతే లేదు." అని చెయ్యి పైకెత్తి, అడవి దద్దరిల్లేలా అరిచింది. "ఈ అవ్వ మా అవ్వ!"

ఆ అరుపుకు పగడమ్మ గుండె జారి కాళ్ళలోకొచ్చింది. పంజరంలోంచి బయటపడింది. ఎగరలేదు కదా, అందుకని నడిచింది. టకటకా నడుచుకుంటూ వెళ్ళి, వాగు పక్కనున్న మద్దిచెట్టు మొదట్లో తొర్ర కనిపిస్తే అందులో దూరిపోయింది. అన్నీ వెళ్ళిపోయాయనుకుని ఖాకీ చొక్కాలవాళ్ళు ఖాళీ పంజరాలు జీపెక్కించుకుని పోయారు.

"అయ్యో, ఆ తొర్రా!" అన్నాడు గుప్పెడు.

ఆ తొర్ర సంగతి అడవిలో అందరికీ తెలుసు. ఎండాకాలంలో చల్లగా, హాయిగా ఉంటుంది. వానలు మొదలయ్యాయో, వాగు పొంగి తిన్నగా అందులోకే వస్తుంది. పైగా లోపల బాగా లోతు. ఎంత పొడుగు చెయ్యి పెట్టినా అడుగు అందదు.

"వానలు రాకముందే అవ్వను పై కొమ్మల్లోకి తీసుకెళ్ళాలి," అంది చిటుకు.

"ఎలా తీసుకెళ్తావే? నిన్ను చూస్తేనే పారిపోయింది."

"నా భుజం మీద ఎక్కించుకుని! రేపు సాయంత్రంలోగా ఎక్కకపోతే చూడు, నా తోక నీకు ఊయలకి ఇచ్చేస్తా."

గుప్పెడు ఊరుకుంటాడా? వెనక్కి వెళ్ళి, ఆ తోక పొడుగెంతో ముక్కుతో కొలవడం మొదలుపెట్టాడు.

మర్నాడు చిటుకు మహా సంబరంగా బయల్దేరింది. తునికిపళ్ళు, మొర్రిపళ్ళు గుట్టగా పోసింది. కోతుల్ని పిలిచింది, కొంగల్ని పిలిచింది, కప్పల్ని పిలిచింది. అందరూ తొర్ర ముందు చేరి, "పగడమ్మా, రావమ్మా!" అని గంతులేసి, ఈలలేసి, కప్పలైతే బెకబెకమని పాట కూడా పాడి స్వాగతం చెప్పారు.

పగడమ్మ ఇంకో జానెడు లోపలికి జరిగింది.

"పెద్దవాళ్ళకి మొహమాటం ఎక్కువ," అంది చిటుకు.

"తోక మెత్తగా ఉంది," అన్నాడు గుప్పెడు.

అప్పుడు ఎలుగు మామ ఒక సలహా ఇచ్చాడు. ఎలుగు మామ అంటే ఆ అడవిలో పెద్ద ఎలుగుబంటి. సలహా అడగని వాళ్ళక్కూడా ఇస్తాడు. "జోస్యం చిలకలకు వడ్లగింజంటే ప్రాణం. గింజ చూపించు. ఎందుకు రాదో నేను చూస్తా."

చిటుకు గట్టు దాటి వెళ్ళి గుప్పిట నిండా అడవి వరిగింజలు ఏరుకొచ్చింది. తొర్ర ముందు కూర్చుని ఒక్క గింజ వేళ్ళ మధ్య పట్టుకుని చూపించింది.

తొర్రలో కదలిక. ముందు ఎర్రముక్కు కనిపించింది. తరవాత తల. తరవాత పగడమ్మ మొత్తం బయటికొచ్చింది! చిటుకు గింజని ఇంకాస్త ముందుకు చాపింది. పగడమ్మ గింజ వైపు చూడలేదు. చెట్టు కింద రాలిన ఆకుల దగ్గరికి నడిచింది. ఒక ఆకు తీసింది, పారేసింది. రెండోది తీసింది, పారేసింది. మూడోది తీసి, తెచ్చి చిటుకు ముందు పెట్టింది. అప్పుడు గింజ అందుకుని, తల వంచుకుని, వచ్చిన దారినే తొర్రలోకి వెళ్ళిపోయింది.

మీరెప్పుడైనా చూశారో లేదో. బజారు మూల గోనెపట్టా పరుచుకుని జోస్యం చెప్పే ఆయన కూర్చుంటాడు. ముందు వరసగా కార్డులు పరుస్తాడు. పంజరం తలుపు తీస్తాడు. చిలక వచ్చి ఒక కార్డు తీసి ఇస్తుంది. ఆయన గింజ ఇస్తాడు. చిలక మళ్ళీ పంజరంలోకి పోతుంది. కార్డులో ఏముందో ఆయనే చదివి చెప్తాడు. పగడమ్మ బతుకంతా చేసింది ఆ పనే. పాపం, చిటుకుకి ఇవేమీ తెలియవు.

"ఆకు ఎర్రగా ఉంది," అన్నాడు గుప్పెడు ఆకుని అటూ ఇటూ తిప్పుతూ. "అంటే నీకు ఎర్రటిది ఏదో దొరుకుతుందన్నమాట."

వాడి నోట్లో మాట నోట్లో ఉండగానే పక్కనే కొమ్మలు చాచిన మేడిచెట్టు మీంచి మాగిన పండొకటి టప్పుమని చిటుకు నెత్తిన పడింది.

ఇంకేముంది! మధ్యాహ్నానికల్లా అడవంతా గుప్పుమంది. మేడిచెట్టు కింద మేడిపండు పడటంలో వింతేముందని ఒక్కరైనా అడగాలి కదా? అడగలేదు. మర్నాడు తెల్లారేసరికి తొర్ర ముందు పెద్ద వరస. జింకకు కొమ్ములు ఎప్పుడొస్తాయో తెలియాలి. కుందేలుకు పులి ఏ దారిన పోతుందో తెలియాలి. ఎలుగు మామకు తేనె ఎటుందో తెలియాలి.

చిటుకు తన తోకని తలపాగాలా తలకు చుట్టుకుని దర్జాగా కూర్చుంది. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పండు పుచ్చుకుంది. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికే తెలియదు గానీ, రాగం తీస్తూ పిలవడం మొదలుపెట్టింది. "పగడమ్మా, రావమ్మా! ఎలుగు మామ పేరు మీద మంచి ఆకొకటి తియ్యమ్మా!"

పగడమ్మ వచ్చేది. ఆకు తీసేది. గింజ తీసుకునేది. లోపలికి పోయేది.

చిటుకు సంతోషానికి పట్టపగ్గాల్లేవు. అవ్వ రోజూ బయటికొస్తోంది! అవ్వ నా చేత్తో తింటోంది! ఇంక భుజం ఎక్కడమెంతసేపు? అనుకుంది. అయితే కొన్ని సంగతులు దాని కంట పడకుండా పోలేదు. అవ్వ ఒక్కసారైనా తలెత్తి ఆకాశం చూడదు. పళ్ళ గుట్టలో ఒక్క పండైనా ముట్టదు. తొర్ర ముందు ఆకుపచ్చటి చిన్న చిన్న ఈకలు రాలి ఉంటున్నాయి. అవ్వ తన ఈకలు తనే పీక్కుంటోంది.

ఒక సాయంత్రం ఆకాశంలో మొదటి మబ్బు కనిపించింది. వరసలో వాళ్ళందరూ వెళ్ళిపోయాక చిటుకు తొర్ర దగ్గరికి జరిగి, చెయ్యి చాచి అడిగింది. "అవ్వా, మనం ఇంత దగ్గరయ్యాం కదా. ఇంక నా భుజం ఎక్కు. పైకి పోదాం."

పగడమ్మ మొదటిసారి నోరు విప్పింది. గొంతు కాస్త బొంగురుగా ఉంది.

"దగ్గరయ్యామా? ఎవరు చెప్పారు తల్లీ?"

"రోజూ నా చేత్తో తింటున్నావుగా!"

"జోస్యం చెప్పే ఆయన చేత్తోనూ తిన్నాను. ఏ చేత్తో గింజ ఇచ్చేవాడో, ఈకలు పెరిగినప్పుడల్లా ఆ చేత్తోనే కత్తెర పట్టేవాడు. గింజ చూపిస్తే రావాలి, తీసి ఇవ్వాలి, లోపలికి పోవాలి. అక్కడా అదే పని, ఇక్కడా అదే పని. పైగా ఆయన పిలిచినట్టే పిలుస్తున్నావు. ఆయన పంజరానికైతే ఊచలుండేవి. నువ్వు ఇంకా తెలివిగలదానివి, ఊచలు కూడా లేకుండా నడిపిస్తున్నావు."

చిటుకు తలపాగా జారిపోయింది. అంటే, తోక కింద పడింది. దాన్ని మళ్ళీ చుట్టుకోకుండా, అలాగే ఈడ్చుకుంటూ ఇంటికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఎలుగు మామ వరసలో అందరికన్నా ముందు నిలబడ్డాడు. చిటుకు తొర్రకు అడ్డంగా నిలబడింది.

"ఇవాళ్టి నుంచి జోస్యం లేదు మామా."

"లేదా? నిన్న జింకకు చెప్పి, ఇవాళ నాకు లేదంటావా? నేనేం తక్కువ తిన్నాను?"

"తేనె ఎక్కడుందో నీ ముక్కుకి తెలుసు మామా. మా అవ్వకేం తెలుసు? మీ పళ్ళు మీరు తీసుకుపోండి. మా అవ్వ పని చెయ్యడానికి రాలేదు."

జింక గొణిగింది. కుందేలు అలిగింది. "పెద్ద వచ్చింది కొండముచ్చు! నిన్నటి దాకా తలపాగా, ఇవాళ పొగరు," అని ఎలుగు మామ కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నిన్నటి దాకా చిటుకు అంటే అడవిలో ఎంత గొప్ప! ఇప్పుడు ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్ళే. అది కొంచెం బాధపడింది. కొంచెం కాదులెండి, బాగానే బాధపడింది.

అప్పుడు కూర్చుని ఆలోచించింది. అవ్వకి నా మొహమంటే భయం లేదు. నా చేతులంటే భయం. చేతుల్ని కోసి పక్కన పెట్టలేను కదా. మరెలా?

ఒక ఉపాయం తట్టింది. మంచి మొర్రిపళ్ళు నాలుగు తొర్ర ముందు పెట్టింది. వెనక్కి తిరిగింది. రెండు చేతులూ కింద పెట్టుకుని, వాటి మీద తనే కూర్చుంది. తొర్ర వైపు వీపు, వాగు వైపు మొహం. అంతే. పిలవలేదు. పాడలేదు. అసలు కదల్లేదు.

కుదురు లేని చిటుకు కదలకుండా కూర్చోవడమంటే మాటలా? ముక్కు మీద ఈగ వాలింది. దులపడానికి చేతులేవీ? మూతి అటూ ఇటూ తిప్పింది. కాళ్ళు చీమలు పాకినట్టు జివజివలాడాయి. వాళ్ళమ్మ పైనుంచి చూసి, "పిల్లకి జ్వరం గానీ తగిలిందా?" అని కంగారుపడి, వచ్చి నుదురు తడిమి చూసింది.

"జ్వరం కాదమ్మా, కూర్చోవడం నేర్చుకుంటున్నా."

పొద్దు వాలేదాకా కూర్చుని వెళ్ళిపోయింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మొదట పళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. తరవాత ఒక రోజు వెనక చిన్న చప్పుడు వినిపించింది. కరకర. చిటుకుకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. పళ్ళు బిగించి కూర్చుంది.

"ఈ పండు పుల్లగా ఉంది," అంది వెనకనుంచి బొంగురు గొంతు.

"రేపు తియ్యటివి తెస్తా అవ్వా."

"ఇటు తిరగబోకు!"

"తిరగను. ఒట్టు!"

ఆ తరవాత మాటలు పెరిగాయి. పగడమ్మకి బజారు కబుర్లు ఎన్ని తెలుసో! మిరపకాయ బజ్జీల వాసన ఎలా ఉంటుందో, బస్సు హారన్‌ ఎలా కూస్తుందో కూసి మరీ వినిపించేది. చిటుకు ఎదుటి వాగునే చూస్తూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఒక రోజు అలా నవ్వుతూ ఉండగా వీపు మీద ఏదో చల్లగా, గట్టిగా తగిలింది. ఎర్రముక్కు!

"కదలబోకు. పేలున్నాయి నీకు," అంది పగడమ్మ. "అడవంతా తిరుగుతావు, తల దువ్వుకోవు. ఛీ, ఛీ! ఎన్నున్నాయో!"

కొండముచ్చుల్లో ఎవరు పడితే వాళ్ళు పేలు చూడరు, తెలుసా? సొంతవాళ్ళే చూస్తారు. చిటుకు కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకుందామంటే చేతులు దాని కిందే ఉన్నాయాయె!

గుప్పెడు అప్పుడప్పుడూ వచ్చి తోక వైపు ఆశగా చూసి పోతూనే ఉన్నాడు.

ఆ ఏడు వాన చెప్పకుండా వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. పెళపెళమని ఉరిమింది. ఎక్కడో పై కొండల్లో కురిసిన వానంతా ఎర్రనీళ్ళై వాగులోకి దూకింది. అడవంతా పరుగులు పెట్టి చెట్లెక్కింది. చిటుకు ఒక్కతే చెట్టు దిగింది.

ఉరుముకి బెదిరి పగడమ్మ తొర్రలో లోపలికి వెళ్ళిపోయింది. నీళ్ళు తొర్ర అంచు తాకుతున్నాయి.

"లాగెయ్! చెయ్యి పెట్టి లాగెయ్యవే!" పైనుంచి గుప్పెడు అరిచాడు.

చిటుకు చెయ్యి పెట్టింది. చీకట్లో రెండు కళ్ళు మెరిశాయి. చెయ్యి ముందుకు పోయేకొద్దీ ఆ కళ్ళు వెనక్కి, కిందికి జారాయి. ఇంకొంచెం పెడితే అవ్వ అట్టడుగుకి పోతుంది. అక్కడికి చెయ్యి అందదు. నీళ్ళు మాత్రం ముందు అక్కడికే చేరతాయి.

చిటుకు చెయ్యి వెనక్కి తీసుకుంది. గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆ జోరువానలో, ఆ ఎర్రనీళ్ళలో, రెండు చేతులూ కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

"అవ్వా! చేతులు నా కిందే ఉన్నాయి. ఇక్కడ నా వీపొక్కటే ఉంది. పైన కొమ్మ మీద నీకు చోటుంది. వస్తే పోదాం. తొందరేం లేదు, నువ్వొచ్చేదాకా కూర్చుంటా. నాకిప్పుడు కూర్చోవడం వచ్చుగా!"

తొందరేం లేదన్న మాట పచ్చి అబద్ధం. ఆ గొంతు ఎలా వణికిందో వింటే మీకే తెలిసేది. నీళ్ళు పాదాలు దాటాయి. మోకాళ్ళు దాటాయి. నడుం దాకా వచ్చాయి.

"చిటుకూ! తోక వద్దే నాకు! ఊయల వద్దు, ఏమీ వద్దు! పైకి రావే!" గుప్పెడు భోరుమన్నాడు.

చిటుకు కళ్ళు గట్టిగా మూసుకుంది. కదల్లేదు.

అప్పుడు తోక చివర ఏదో గుచ్చుకుంది. చిన్న చిన్న గోళ్ళు. అవి తోక పట్టుకుని ఒక్కో అడుగే పైకొచ్చాయి. నడుం మీదికి. వీపు మీదికి. మెడ పక్కకి.

"ఒక పేను మిగిలిపోయింది. అందుకొచ్చాను," అంది చెవిలో బొంగురు గొంతు. తడిసి ముద్దై వణికిపోతూనే అంది. "ఇంకా చూస్తావేం? చేతులు తియ్యవే పిచ్చిదానా! చేతుల్లేకుండా చెట్టెలా ఎక్కుతావు?"

చిటుకు చేతులు తీసింది. తన బతుకులో అంత పెద్ద దూకు ఎప్పుడూ దూకలేదు. ఒక దూకుకు మద్దిచెట్టు నడిమి కొమ్మ, రెండో దూకుకు పై కొమ్మ. మూడో దూకు అక్కర్లేకపోయినా సంతోషం పట్టలేక దూకింది. "మెల్లగా! మెల్లగా!" అని పగడమ్మ బస్సు హారన్‌లా కూసింది.

వానలు వెళ్ళేసరికి పగడమ్మకి కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వచ్చాయి. ఒక పొద్దున రెక్కలు విప్పి చూసుకుంది. చిటుకుని పిలిచింది.

"బతుకంతా కార్డులు తీశానే గానీ, ఒక్క జోస్యమైనా నేను చెప్పలేదు. చెప్పిందంతా ఆయనే. ఇవాళ నా అంతట నేను ఒకటి చెప్తాను, విను. ఇప్పుడు నేను ఎగిరిపోతాను. సాయంత్రానికి వచ్చి నీ భుజం మీద వాలతాను."

అని తుర్రుమంది. ఆకుపచ్చటి చుక్కై ఆకాశంలో కలిసిపోయింది.

"ఇంక రాదు," అన్నాడు ఎలుగు మామ. "జోస్యాలన్నీ ఒట్టివే. నాకిప్పటిదాకా తేనె దొరకలేదు."

చిటుకు పిలవలేదు. గింజా చూపించలేదు. కొమ్మ చివర చేతులు కింద పెట్టుకుని కూర్చుంది. అలవాటైపోయింది మరి. పొద్దు వాలుతుండగా, ఎర్రటి వెలుగులో ఆకుపచ్చ రెక్కలు టపటపలాడాయి. భుజం మీద చిన్న బరువు పడింది.

అంత సంతోషంలో చిటుకు గుప్పెడిని పిలిచింది. పందెం పందెమే కదా, "రేపు సాయంత్రంలోగా" అన్న గడువు ఎప్పుడో దాటిపోయింది. తోక కిందికి వేలాడేసింది. గుప్పెడు దాని మీదెక్కి ఊగాడు. పైనుంచి పగడమ్మ, "గట్టిగా పట్టుకోరా, పడతావు!" అని కేకలేస్తూనే ఉంది.

నీతి: బెదిరిన మనసు గింజ చూపిస్తే నమ్మదు, చెయ్యి పట్టి లాగితే రాదు, ఏమీ అడగకుండా పక్కన కూర్చునే ఓపిక మనకుంటే, నమ్మకం తనంతట తానే వచ్చి భుజం మీద వాలుతుంది.